ఫ్లోరైడ్ ప్రాజెక్టుకు కొత్త ఊరు వద్దు, పాత బోరే కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం ఆఖరి సెమిస్టరు మొదలైందంటే నల్లగొండ నుంచి కనిగిరి దాకా మెట్ట ఊళ్ళలో చేతిపంపుల దగ్గరకు విద్యార్థులు వస్తారు. సీసా పడతారు, ఊరి పేరు రాసుకుంటారు, వెళ్ళిపోతారు. ముప్పయి ఊళ్ళకు ముప్పయి సీసాలు. మూడు నెలలకు బంగారు అక్షరాల అట్టతో రిపోర్టు తయారై, వైవా అయ్యాక డిపార్టుమెంటు బీరువాలో పడుతుంది. మరుసటి ఏడు ఇంకో బ్యాచి, ఇంకో ముప్పయి ఊళ్ళు. ముగింపు పేజీలో మాత్రం దాదాపు అదే వాక్యం: ఈ ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ పరిమితికి మించి ఉంది.

ఈ మాట చెప్పడానికి ఇప్పుడు పరిశోధన అక్కర్లేదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఉందా లేదా అన్నది ఎప్పుడో తేలింది. తేలనివి వేరే ఉన్నాయి. ఒక బోరులో ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి పెరుగుతోందా, తగ్గుతోందా? ఇంటికి మిషన్ భగీరథ నల్లా వచ్చాక జనం నిజంగా ఏ నీళ్ళు తాగుతున్నారు? అదే బోరు నీళ్ళు వరికి పారుతుంటే కింద ఏం జరుగుతోంది? ఊళ్ళో పెట్టిన శుద్ధి ప్లాంటు ఎందుకు ఆగింది? ఒక్కసారి పట్టిన ముప్పయి సీసాల్లో వీటికి జవాబు దొరకదు. అదే బోరుకు, అదే నెలల్లో, అదే పద్ధతితో ఏటేటా వెళ్ళాలి. ఒక విద్యార్థి వల్ల కానిది పది బ్యాచులు కలిస్తే అవుతుంది. సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లు చేయాల్సిన మార్పు ఇదే. అయితే పదేళ్ళ అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలంటే ప్రతి అంకె నమ్మదగ్గదై ఉండాలి. ఆ నమ్మకం ఎక్కడెక్కడ జారిపోతోందో వివరంగా రాస్తున్నాం.

మొదటిది బోరు దగ్గరే. పంపు కొట్టగానే వచ్చేవి గొట్టంలో నిలవున్న నీళ్ళు, రాతి పగుళ్ళలోంచి వచ్చేవి కావు. నిలవ నీటికి మూడింతలు తోడేశాక నమూనా పట్టాలని పుస్తకాలు చెబుతాయి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు ఎత్తు నీరంటే 21 లీటర్ల పైచిలుకు. 30 మీటర్ల నీరుంటే 640 లీటర్లు, మూడింతలు చేస్తే 1,900 దాటుతుంది. ఇండియా మార్క్-2 పంపు నిమిషానికి సుమారు 12 లీటర్లు పోస్తుంది. అంటే రెండున్నర గంటలకు పైగా కొట్టాలి. ఎవరూ కొట్టరు, కొట్టామని మాత్రం రిపోర్టులో రాస్తారు. ఇంతకంటే నిజాయితీ గల దారి ఉంది. రోజూ వాడకంలో ఉన్న పంపునే ఎంచుకోవాలి. తెల్లవారి బిందెలు వరుసగా నిండే వేళకు వెళ్తే సగం పని ఊరే చేసిపెడుతుంది. ఆ తర్వాత మూడేసి నిమిషాలకోసారి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత చూడాలి. వరసగా మూడు రీడింగుల్లో వాహకత తేడా 3 శాతం లోపు, పీహెచ్ తేడా 0.1 లోపు ఉంటే సీసా పట్టవచ్చు. ఆ మూడు రీడింగులూ నోటుబుక్కులో ఉండాలి.

ఫ్లోరైడ్‌కు పాలిథిన్ సీసా వాడాలి, గాజుది పనికిరాదు. అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి, ఆమ్లం కలపకూడదు. అలా పట్టినది 28 రోజులు నిలుస్తుంది. లోహాల కోసమైతే వేరే సీసాలో, 0.45 మైక్రాన్ల వడపోత చేశాక, పీహెచ్ 2 కంటే తగ్గేదాకా నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. నైట్రేట్‌ను మంచుపెట్టెలో పెట్టి 48 గంటల్లోపు కొలవాలి. పీహెచ్, క్షారత్వం అక్కడికక్కడే తేలాలి, ఎందుకంటే భూమిలోంచి పైకి రాగానే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేటుగా సీసా అడుగున దిగిపోతుంది. మే నెల ఎండలో మూడు రోజులు బైకు సంచిలో తిరిగిన సీసా చెప్పే కాల్షియం ఆ సంచిదే తప్ప బోరుది కాదు.

కాల్షియం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే ఫ్లోరైడ్ కథలో సగం అదే. మన గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ వస్తుంది. అది నీటిలో ఎంతవరకు నిలవగలదన్నది చాలామటుకు కాల్షియం చేతిలో ఉంటుంది. ఫ్లోరైట్ కరిగే హద్దును బట్టి స్థూలంగా లెక్కేస్తే లీటరుకు 20 మి.గ్రా. కాల్షియం ఉన్న నీరు 4 మి.గ్రా. దాకా ఫ్లోరైడ్‌ను మోయగలదు. కాల్షియం 80 అయితే ఆ హద్దు 2 దగ్గరికి వస్తుంది. అందుకే సోడియం, బైకార్బొనేటు ఎక్కువై కాల్షియం తక్కువైన నీళ్ళలో ఫ్లోరైడ్ పేరుకుంటుంది. వరి మడిలో నీరు ఆవిరై మళ్ళీ కిందికి ఇంకేటప్పుడు ఇదే జరుగుతుంది: కాల్షియం సున్నపురాయిగా మట్టిలో ఉండిపోతుంది, ఫ్లోరైడ్ నీటితో పాటు దిగుతుంది. హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ కలిసి చేసిన దీర్ఘకాల పని ఈ సంగతిని చూపించింది. అది సాధ్యమైంది ఏళ్ళ తరబడి ఒకే వాటర్‌షెడ్‌ను (పరీవాహక ప్రాంతాన్ని) పట్టుకుని కూర్చోవడం వల్లనే. మన రిపోర్టుల్లో మాత్రం మొత్తం కాఠిన్యం ఒక్కటే కొలిచి, కాల్షియం గడిని ఖాళీగా వదిలేస్తారు.

ఇక లాబ్. చాలా కాలేజీల్లో ఇప్పటికీ స్పాడ్న్స్ (SPADNS) అనే రంగు ద్రావణంతో ఫ్లోరైడ్ కొలిచే పద్ధతే. అది లీటరుకు 1.4 మి.గ్రా. వరకే పనిచేస్తుంది. ఆపైన ఉన్న నమూనాను పలచన చేసి మళ్ళీ చూడాలి. గ్రాఫు గీతను స్కేలుతో పొడిగించి 4.8 అని రాస్తే అది కొలత కాదు, స్కేలు పొడవు. దీనికి మించిన చిక్కు అల్యూమినియం. లీటరుకు 0.1 మి.గ్రా. ఉన్నా చాలు, స్పాడ్న్స్ ఫ్లోరైడ్‌ను తక్కువగా చూపిస్తుంది. పటికతో శుద్ధిచేసిన నీళ్ళను స్వేదనం చేయకుండా నేరుగా ఈ పద్ధతిలో పరీక్షిస్తే ప్లాంటు నిజంగా పనిచేసినదానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ‘తొలగింపు సామర్థ్యం 92 శాతం’ లాంటి అంకెలు చూసినప్పుడు మొదట అడగాల్సింది ఏ పద్ధతితో కొలిచారనే.

ఫ్లోరైడ్‌ను మిల్లీవోల్టుల్లో పసిగట్టే ఎలక్ట్రోడు ఉన్నచోట పని సులువు, కానీ అక్కడా తప్పులు ఒకేలా జరుగుతున్నాయి. నమూనాకు సమానంగా టైసాబ్ (TISAB) అనే బఫరు ద్రావణం కలపాలి. లీటరు బఫరుకు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 57 మి.లీ., ఉప్పు 58 గ్రాములు, సీడీటీఏ 4 గ్రాములు వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 5.3 నుంచి 5.5 మధ్యకు తేవాలి. సీడీటీఏ ఖరీదని మానేసేవాళ్ళున్నారు. అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించేదే అది, మానేస్తే బఫరు వేసిన ప్రయోజనం సగం పోయినట్టే. ప్రమాణ ద్రావణానికి ఎండబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 221 మి.గ్రా. లీటరు నీటిలో కలిపితే 100 మి.గ్రా. ఫ్లోరైడ్ వస్తుంది. దాన్నించి 0.5, 1, 2, 5, 10 చేసుకుని, గాఢత పదింతలైనప్పుడు ఎలక్ట్రోడు 54 నుంచి 60 మిల్లీవోల్టులు మారుతోందో లేదో చూడాలి. ఒక్క మిల్లీవోల్టు తేడాకు ఫలితం 4 శాతం తేడా వస్తుంది. కాబట్టి మంచుపెట్టెలోంచి తీసిన సీసాను వెంటనే పెట్టకూడదు, ప్రమాణ ద్రావణం, నమూనా ఒకే ఉష్ణోగ్రతకు రావాలి. పది నమూనాలకోసారి 2 మి.గ్రా. ప్రమాణం మళ్ళీ చూడాలి. ఇంత చేసినా 1.4873 అని నాలుగు దశాంశాలు రాయడం ఎందుకో అర్థం కాదు, ఆ ఎలక్ట్రోడుకు అంత సూక్ష్మం తెలియదు.

నీటి విశ్లేషణ మొత్తం సరిగా ఉందో లేదో పావుగంటలో తేల్చే లెక్క ఒకటుంది. లీటరుకు మి.గ్రా.ల్లో ఉన్న కాల్షియంను 20తో, మెగ్నీషియంను 12.15తో, సోడియంను 23తో, బైకార్బొనేటును 61తో, క్లోరైడ్‌ను 35.45తో, సల్ఫేటును 48తో, నైట్రేటును 62తో, ఫ్లోరైడ్‌ను 19తో భాగించి ధన అయాన్లు ఒక పక్క, రుణ అయాన్లు ఒక పక్క కూడితే రెండూ దాదాపు సమానం కావాలి. తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే 5 శాతం దాటకూడదు. కొన్ని రిపోర్టుల్లో ఈ తేడా అన్ని బోర్లకూ సున్నా వస్తుంది. ఫ్లేమ్ ఫోటోమీటర్ లేక సోడియంను కొలవకుండా తీసివేతతో రాబట్టారన్నమాట. అది లెక్క సరిపోవడం కాదు, సరిపెట్టడం. వాహకతను (సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్‌లో) 100తో భాగిస్తే ధన అయాన్ల మొత్తానికి దగ్గరగా రావాలన్న రెండో పరీక్షలో ఆ దొంగతనం చాలాసార్లు బయటపడుతుంది. క్షారత్వాన్ని కాల్షియం కార్బొనేటు లెక్కలో రాసి 1.22తో హెచ్చించకుండా బైకార్బొనేటు అనడం ఇంకో మామూలు తప్పు. నైట్రేటును నైట్రోజన్‌గా కొలిచి 12 అని రాసి, పక్కన 45 పరిమితి పెట్టి సురక్షితం అన్నవీ ఉన్నాయి. నైట్రోజన్‌గా 12 అంటే నైట్రేటుగా 53.

అన్నింటికంటే ఎక్కువ చేటు చేస్తున్నది నీటి నాణ్యత సూచిక. అరడజను గుణాలను కలిపి ఒక్క అంకెగా మార్చడం పరీక్షకులకు, పత్రికలకు నచ్చుతుంది. ఒక ఉదాహరణ చూడండి. ఒక బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 2 మి.గ్రా. ఉంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కోరదగిన హద్దు 1.0, వేరే నీరు దొరకనప్పుడు ఒప్పుకునేది 1.5. రెండింటినీ దాటేసిన నీరది. నైట్రేటు, టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు), క్లోరైడ్, కాఠిన్యం నాలుగూ తమ తమ హద్దుల్లో సరిగ్గా సగం ఉన్నాయనుకుందాం. ప్రాముఖ్యాన్ని బట్టి 1 నుంచి 5 దాకా మార్కులిచ్చే పద్ధతిలో ఫ్లోరైడ్, నైట్రేటు, టీడీఎస్‌లకు ఐదేసి, క్లోరైడ్‌కు 3, కాఠిన్యానికి 2 ఇస్తే ఫ్లోరైడ్ వాటా పావు వంతు. సూచిక 87.5 వస్తుంది. ఆ పద్ధతిలో 50 నుంచి 100 మధ్య ఉన్నది ‘మంచి నీరు’. ఇదే నీటిని, హద్దు ఎంత చిన్నదైతే అంత బరువిచ్చే రెండో పద్ధతిలో వేస్తే ఫ్లోరైడ్ వాటా 97 శాతానికి పోతుంది, సూచిక 195 అవుతుంది, ‘తాగడానికి పనికిరాదు’ అని వస్తుంది. అదే బోరు, అవే ఐదు అంకెలు. మొదటి పద్ధతి విషాన్ని పలచన చేసి దాచింది. రెండోది ఫ్లోరైడ్‌నే పేరు మార్చి మళ్ళీ చెప్పింది, దానికి సూచిక ఎందుకు? సర్పంచికి ‘మీ బోరులో ఫ్లోరైడ్ 2 ఉంది, వంటకూ తాగడానికీ వద్దు’ అంటే అర్థమవుతుంది. 87.5 అంటే ఏం చేయాలి?

ఆరోగ్య ప్రమాద లెక్కలదీ ఇదే వరస. అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చిన 0.06 మి.గ్రా. పరిమితిని (కిలో శరీర బరువుకు, రోజుకు) తీసుకుని, 70 కిలోల మనిషి రెండు లీటర్లు తాగుతాడని వేస్తారు. 2 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న నీటికి, ఒంట్లోకి వెళ్ళేదాన్ని ఆ పరిమితితో భాగిస్తే 0.95 వస్తుంది. ఒకటి దాటలేదు కాబట్టి ప్రమాదం లేదని రాస్తారు. మే నెలలో ఉపాధి హామీ పనికి పోయే 50 కిలోల మనిషి ఐదు లీటర్లు తాగుతుంది. ఆమెకు అదే నీటితో 3.3. 15 కిలోల పిల్లవాడు లీటరు తాగితే 2.2. ఫార్ములా తప్పు కాదు, అందులో వేసిన మనిషి మన ఊరివాడు కాడు. ఇరవై ఇళ్ళలో మూడు రోజులు చెంబులు, సీసాలు లెక్కపెట్టి ఎవరు ఎంత తాగుతున్నారో, అన్నం ఏ నీళ్ళతో వండుతున్నారో రాయడం ఒక పూర్తి ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఖర్చు బస్సు టికెట్లే.

రంగుల మ్యాపుల గురించి ఒక్క మాట. పగుళ్ళ గ్రానైటులో రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్లు, ఒకటి 40 మీటర్లు, ఇంకోటి 120 మీటర్ల లోతువైతే, వాటి నీళ్ళు రెండు వేర్వేరు జిల్లాలవిలా ఉండొచ్చు. ముప్పయి చుక్కల మధ్య సాఫ్ట్‌వేర్ నింపిన ఎరుపు, పసుపు చూసి ఏ ఊరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

సుస్థిర పరిష్కారాల పేరుతో వచ్చే ప్రాజెక్టుల్లో చింతగింజల పొడి, వేప బెరడు, ఇటుక పొడి, మునగ గింజలు తిరుగుతుంటాయి. దాదాపు అన్నీ స్వేదన జలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసినవే. బోరు నీటిలో మూడు నాలుగు వందల మి.గ్రా. బైకార్బొనేటు ఉంటుంది, ఫ్లోరైడ్ కూర్చోవాల్సిన చోట్లలో అదీ పోటీకి వస్తుంది. 90 శాతం తీసిన పొడి అక్కడ ఎంత తీస్తుందో రిపోర్టు చెప్పదు. చెప్పినా ఇంకో లెక్క మిగులుతుంది. లీటరుకు 10 గ్రాముల పొడి కావాలంటే, తాగడానికీ వంటకూ రోజుకు 40 లీటర్లు వాడే ఇంటికి రోజుకు 400 గ్రాములు, ఏడాదికి 146 కిలోలు. ఎవరు దంచుతారు? ఫ్లోరైడ్ పట్టిన ఆ పొడిని ఏ పెంటకుప్పలో పోస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని ప్రాజెక్టును సుస్థిరం అనకూడదు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించి మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతి గతినీ ఇక్కడ గుర్తుచేయాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, వేగంగా తిప్పి, తర్వాత మెల్లగా తిప్పి, మడ్డి దిగాక వడకట్టడం. రసాయనంగా అందులో రహస్యం లేదు. ఫ్లోరైడ్, క్షారత్వం రెండూ చూసి పటిక మోతాదు తేల్చాలి. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా అల్యూమినియం 0.2 మి.గ్రా. హద్దు దాటి నీటిలో మిగులుతుంది. దానికి తోడు రోజూ మడ్డి ఎత్తిపోయాలి. జీతం లేని ఆపరేటరు ఎన్నాళ్ళు చేస్తాడు? మూతపడ్డ ప్లాంటు దగ్గర కూర్చుని కరెంటు బిల్లు ఎవరు కట్టారు, పటిక ఆఖరిసారి ఎప్పుడు కొన్నారు, మడ్డి ఎక్కడికి పోయింది అని పంచాయతీ రికార్డులతో తేల్చే ప్రాజెక్టు పది కొత్త పొడుల కంటే పనికొస్తుంది.

ఇప్పుడు ఊరూరా ఉన్న ఫిల్టర్ నీళ్ళ ప్లాంట్లను కూడా ఇలాగే చూడాలి. 3 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న 100 లీటర్లు ఆర్‌వోలోకి పోతే, 40 లీటర్లు క్యాన్లలోకి వచ్చి, పొర 95 శాతం ఆపితే, మిగిలిన 60 లీటర్లలో ఫ్లోరైడ్ 4.9కి చేరుతుంది. ఆ నీరు ప్లాంటు పక్క కాలువలోకి, అక్కడి నుంచి చాలాచోట్ల అదే బోరు చుట్టూ నేలలోకి. ఎన్ని లీటర్లు పోతున్నాయో ఒక బకెట్టు, సెల్‌ఫోన్‌లో గడియారం ఉంటే కొలవవచ్చు.

మా ప్రతిపాదన ఖర్చుతో కూడినది కాదు. ప్రతి డిపార్టుమెంటు ఒక మండలాన్ని దత్తత తీసుకుని వేర్వేరు లోతుల్లో పన్నెండు బోర్లు ఎంచుకోవాలి. కేసింగు మీద చెరగని పెయింటుతో నంబరు వేయాలి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి నమూనా తీయాలి. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలన బావులను కొలిచే నెలలతో ఇవి కలుస్తాయి కాబట్టి నీటిమట్టాలతో పోల్చుకోవచ్చు. ప్రతిసారీ ఒక ఖాళీ నమూనా (ఫ్లోరైడ్ లేని శుద్ధ నీరు), రెండు జంట నమూనాలు, తెలిసిన ఫ్లోరైడ్ కలిపిన ఒక నమూనా ఉండాలి. కలిపినదాంట్లో 80 నుంచి 120 శాతం తిరిగి రాకపోతే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాలి. బోరు లోతు పెంచారా, పంపు మార్చారా, పక్కన కొత్త బోరు పడిందా అన్నది కూడా అదే పట్టికలో ఉండాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది, ఎమ్మెస్సీ రిపోర్టులకు అలాంటి చోటు లేదు. కనీసం ఎక్సెల్ పట్టికనైనా డిపార్టుమెంటు వెబ్‌సైటులో పెడితే తర్వాతి బ్యాచి అక్కడి నుంచి మొదలుపెడుతుంది. తెలుగులో ఒక పేజీ, బోరు నంబరు, ఫ్లోరైడ్ అంకె, దేనికి వాడొచ్చో దేనికి వాడకూడదో రాసి గ్రామ పంచాయతీకి ఇచ్చి రసీదు తెస్తేనే వైవాకు అనుమతించాలి. కొత్తదనం మార్కులు తగ్గుతాయని గైడ్లు భయపడతారు. ఆ మార్కుల్లో కొన్నింటిని పాత బోరును మళ్ళీ కొలిచినందుకు కేటాయించడం బోర్డు చేతిలో పనే.

వచ్చే విద్యా సంవత్సరంలో మొదలుపెట్టదలచిన వాళ్ళు ముందు బీరువా తెరవండి. పాత రిపోర్టుల్లో ఊరి పేరు ఒక్కటే ఉన్నవి పక్కన పెట్టి, బడి ముందు పంపు, గుడి వెనక బోరు, లేదా అక్షాంశ రేఖాంశాలు అని గుర్తుపట్టగలిగినవి ఏరండి. వాటిలో అయాన్ల లెక్క సరిపోయినవి ఐదు దొరికినా చాలు. మీ పన్నెండు బోర్లలో మొదటి ఐదు అవే కావాలి.

ఇట్లు,
భూగర్భజల పరిశోధన, నీటి పరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరు అధ్యాపకులు, లాబ్ సిబ్బంది,
నల్లగొండ